ట్రాక్ డేకి బ్రేక్ ప్యాడ్లు: ఏది కొనాలి, ఎలా బెడ్ చేయాలి

ట్రాక్ డే అంటే రేసు ట్రాక్ మీద సొంత బండి నడుపుకునే రోజు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకొట్టై ట్రాక్‌కి హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, నెల్లూరు నుంచి సొంత పోలోలు, స్విఫ్ట్‌లు, సిటీలు వేసుకుని వెళ్లేవాళ్లు బ్రేకుల గురించి ఒకే ప్రశ్న అడుగుతారు: "అన్నిటికన్నా మంచి ప్యాడ్ ఏది?" ఆ ప్రశ్నకు బ్రాండ్ పేరుతో జవాబు చెప్పే ముందు మీ బండి డిస్క్ ట్రాక్ మీద ఎంత వేడెక్కుతుందో తెలియాలి. ప్రతి ప్యాడ్‌కీ అది బాగా పనిచేసే ఉష్ణోగ్రత పరిధి ఒకటి ఉంటుంది. మీ డిస్క్ వేడి ఆ పరిధిలో ఉంటే అది మీకు మంచి ప్యాడ్. పైకి పోతే పట్టు జారుతుంది, కిందే ఉండిపోతే పట్టు మొదలే కాదు. దీని తర్వాత అంతే ముఖ్యమైనది బెడ్డింగ్, అంటే కొత్త ప్యాడ్‌ని క్రమంగా వేడెక్కించి డిస్క్‌కి అలవాటు చేయడం. సరిగ్గా బెడ్ చేసిన మామూలు ప్యాడ్, హడావుడిగా వేసుకెళ్లిన ఖరీదైన రేసు ప్యాడ్ కంటే నమ్మకంగా ఆపుతుంది.

ఒక్క బ్రేకుకు ఎంత వేడి

డ్రైవర్‌తో కలిపి 1,200 కిలోల బరువున్న హ్యాచ్‌బ్యాక్‌ని తీసుకుందాం. ఊళ్లో సిగ్నల్ దగ్గర 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 1.67 లక్షల జౌళ్లు. అదే కారు ట్రాక్ మీద 160 నుంచి 80కి దిగితే సుమారు 8.9 లక్షల జౌళ్లు. బండి ఆగను కూడా లేదు, వేగం సగమైందంతే, అయినా వేడి ఐదు రెట్లు దాటింది. ఇందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుంటే ఒక్కో ముందు డిస్క్‌కి దాదాపు 3.1 లక్షల జౌళ్లు. చిన్న కారు ముందు డిస్క్ బరువు ఐదు కిలోల చొప్పున లెక్కేస్తే ఆ ఒక్క బ్రేకుతోనే దాని వేడి 130 డిగ్రీల దాకా పెరుగుతుంది. అది చల్లారేలోపే తర్వాతి మలుపు వస్తుంది. అందుకే మూడు నాలుగు ల్యాపులు గట్టిగా తిరిగేసరికి ఇలాంటి కార్ల ముందు డిస్కులు 400 నుంచి 600 డిగ్రీల మధ్యకు చేరడం మామూలే. ఊళ్లో అవి సాధారణంగా 200 కూడా దాటవు.

ట్రాక్‌ని బట్టి కూడా ఇది మారుతుంది. ఇరుంగట్టుకొట్టై ల్యాప్ 3.7 కిలోమీటర్లు. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ ఐదు కిలోమీటర్లు దాటుతుంది, అందులో కిలోమీటరుకు పైగా పొడవున్న స్ట్రెయిట్ ఉంది. అక్కడ ఒక్కో బ్రేకు చాలా బరువైనది, కానీ స్ట్రెయిట్ల మీద గాలి తగిలి డిస్కులు కాస్త చల్లబడే అవకాశం ఉంటుంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ల్యాప్ రెండు కిలోమీటర్ల పైచిలుకే. వేగాలు తక్కువ గానీ బ్రేకులు వెంటవెంటనే పడతాయి, చల్లారే వ్యవధి తక్కువ. బుద్ధ్‌లో బాగా పనిచేసిందని స్నేహితుడు చెప్పిన ప్యాడ్ మీకు కరిలో అలాగే పనిచేస్తుందని అనుకోవద్దు.

ఈ వేడిని ఊహించుకోనక్కర్లేదు, కొలవొచ్చు. డిస్క్ అంచుకు పూసే థర్మల్ పెయింట్ దొరుకుతుంది. ఆకుపచ్చ 430, నారింజ 560, ఎరుపు 610 డిగ్రీల దగ్గర రంగు మారతాయి. మూడూ పక్కపక్కనే చుక్కలుగా పెట్టి ఒక సెషన్ తిరిగొస్తే మీ డిస్క్ ఎక్కడిదాకా వెళ్లిందో తేలిపోతుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో పిట్‌లో (ట్రాక్ పక్కన బండి ఆపే చోట) చూసే అంకె పనికిరాదని కాదు, కానీ చల్లార్చే ల్యాప్ తర్వాత తీసుకున్నది కాబట్టి అసలు గరిష్ఠం కంటే చాలా తక్కువ చూపిస్తుంది. ప్యాడ్ కొనే ముందు ఈ పెయింట్ కొనమని నేను గట్టిగా చెబుతాను. ప్యాడ్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు.

కొనే ముందు: మీ సమస్య నిజంగా ప్యాడ్‌దేనా?

"బ్రేకులు పోయాయి" అనే మాట కింద మూడు వేరువేరు సమస్యలు దాగుంటాయి. కాలికి తెలిసే తేడాను బట్టి విడదీయాలి.

పెడల్ ఎప్పటిలాగే గట్టిగా, ఎత్తుగా ఉంది, ఎంత తొక్కినా బండి ఆగట్లేదు. ఇది ప్యాడ్ ఫేడ్. ప్యాడ్ దాని పరిధి దాటి వేడెక్కింది. దీనికి మందు మంచి ప్యాడ్.

పెడల్ మెత్తగా స్పాంజిలా మారి కిందకి దిగిపోతోంది, పంపింగ్ చేస్తే కాస్త తిరిగొస్తోంది. ఇది బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పట్టడం. దీనికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా లాభం లేదు. పైగా ప్యాడ్ మారిస్తే ఇంకా గట్టిగా బ్రేకు వేయగలుగుతారు కాబట్టి ఆయిల్ ఇంకా త్వరగా మరుగుతుంది.

మూడోది, కర్బు (మలుపు అంచున ఉండే గట్టు) ఎక్కి దిగిన తర్వాత, లేదా పొడవైన మలుపు తర్వాత, మొదటి తొక్కుడులో పెడల్ లోతుగా పోయి రెండో తొక్కుడులో మామూలుగా వస్తుంది. డిస్క్ అటూ ఇటూ ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టడం వల్ల వచ్చేది ఇది. వీల్ బేరింగ్, హబ్ చూపించుకోవాలి.

ఆయిల్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 155. డాట్ 5.1కి ఆ అంకెలు 260, 180. ఈ ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్‌కి వెళ్లడమంటే తేమ పట్టిన అంకెతో వెళ్లడమే. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 కొత్తగా ఉన్నప్పుడు 312 డిగ్రీలు, ఆర్‌బీఎఫ్ 660 అయితే 325 డిగ్రీలు తట్టుకుంటుంది. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ ఖరీదు ఎక్కువే గానీ తేమ పట్టిన తర్వాత కూడా 270 దగ్గర నిలబడుతుంది, అందుకే తరచుగా మార్చే ఓపిక లేనివాళ్లకు అది లాభం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, 5.1తో దానికి సంబంధం లేదు. మామూలు కారు సిస్టమ్‌లో పోయొద్దు.

బడ్జెట్ తక్కువుండి ప్యాడ్, ఆయిల్ రెండిట్లో ఒకటే తీసుకోవాల్సి వస్తే నా ఓటు ఎప్పుడూ ఆయిల్‌కే. ప్యాడ్ ఫేడ్ అయ్యేటప్పుడు ముందు చిన్నగా చెబుతుంది, మలుపు మలుపుకూ కాస్త ఎక్కువ తొక్కాల్సి వస్తుంది. ఆయిల్ మరిగితే ఒక మలుపులో ఉన్న పెడల్ మరో మలుపుకు ఉండదు.

నాలుగు దారులు

మొదటిది కంపెనీ ప్యాడ్, అంటే కారుతో పాటు వచ్చే రకం. మొదటిసారి ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు, మామూలు రోడ్డు టైర్లతో వెళ్లేవాళ్లకు నేను ఇదే చెబుతాను: కొత్త కంపెనీ ప్యాడ్లు, కొత్త రేసింగ్ ఆయిల్. నాలుగైదు ల్యాపులు గట్టిగా, ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగితే ఆ రోజు హాయిగా గడిచిపోతుంది. కొత్తవాళ్లు బ్రేకు ముందుగా, ఎక్కువసేపు, మెల్లగా పట్టి ఉంచుతారు. దాంతో డిస్క్‌కి చల్లారే వ్యవధి తగ్గుతుంది. ఆ అలవాటు మారకుండా ప్యాడ్ మార్చితే ఆ అలవాటు బయటపడకుండా కప్పిపెట్టినట్టవుతుంది. కంపెనీ ప్యాడ్లలో చాలావాటికి 350, 400 డిగ్రీలు దాటాక పట్టు పడిపోతుంది కాబట్టి అది ఎప్పుడు జారుతోందో కాలికి తెలియడం మంచి పాఠం.

రెండోది రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యరకం. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ ఎల్లోస్టఫ్, ఈబీసీ బ్లూస్టఫ్, హాక్ హెచ్‌పీ ప్లస్ ఈ కోవలోవి. మన దగ్గర ఎక్కువమందికి అవసరమైనవి ఇవే, అందుకే వీటి గురించి కాస్త ఎక్కువ చెబుతాను. వీటి గొప్పతనం చల్లగా ఉన్నప్పుడు కూడా ఆపడం. డీఎస్2500కి కంపెనీ చెప్పే సగటు ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.42, పనిచేసే పరిధి 20 నుంచి 500 డిగ్రీలు. అంటే తెల్లవారుజామున ఇంటి గేటు దాటగానే కుక్క అడ్డం వచ్చినా ఆపుతుంది, ట్రాక్ మీద మధ్యస్థ వేగాల హ్యాచ్‌బ్యాక్‌నీ ఆపుతుంది. పట్టు మెల్లగా, కాలు చెప్పినంతే పెరుగుతుంది. రోడ్డు టైర్లున్న తేలికపాటి కారుకు నాకు నచ్చేది ఇదే స్వభావం. ఎల్లోస్టఫ్‌కి మొదటి పట్టు చురుగ్గా ఉంటుంది, కొందరికి అది ఇష్టం. హెచ్‌పీ ప్లస్ గట్టిగా ఆపుతుంది గానీ రోడ్డు మీద కీచుమంటుంది, నల్లటి పొడి ఎక్కువ వదులుతుంది.

వీటి పరిమితి కూడా తెలిసి ఉండాలి. పెయింట్‌లో నారింజ చుక్క మారిపోతోందంటే, అంటే మీ డిస్క్ 560 దాటుతోందంటే, మధ్యరకం ప్యాడ్ తన హద్దులో లేదని అర్థం. అక్కడ పనిచేసినా చాలా త్వరగా అరిగిపోతుంది. ఒక్క ట్రాక్ డేలో సగం ప్యాడ్ మాయమైతే కంపెనీని తిట్టుకోకుండా పైరకానికి వెళ్లే సమయం వచ్చిందని తెలుసుకోవాలి.

మూడోది అసలు ట్రాక్ ప్యాడ్. ఫెరోడో డీఎస్యూనో, డీఎస్1.11, పాజిడ్ ఆర్ఎస్ఎల్29, హాక్ డీటీసీ-60, కార్బోటెక్ ఎక్స్‌పీ10 లాంటివి. 600 డిగ్రీల పైన కూడా వీటి పట్టు నిలబడుతుంది. వీటిలో వీటికే తేడాలున్నాయి. డీఎస్యూనో తొక్కగానే పట్టేస్తుంది. డీఎస్1.11, ఆర్ఎస్ఎల్29 లాంటివి ఎక్కువసేపు తిరిగే రేసుల కోసం చేసినవి, పట్టు సమంగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తాయి, కాలు ఎత్తినప్పుడు శుభ్రంగా వదులుతాయి. ఆ వదలడం అనేది కేటలాగులో కనపడని గుణం. మలుపులోకి తిప్పుతూ బ్రేకును కొద్దికొద్దిగా వదిలేటప్పుడు ప్యాడ్ కూడా అలాగే వదలాలి, పట్టుకుని వేలాడితే ముందు చక్రం జారుతుంది. అందుకే అమెచ్యూర్‌గా రేసు చేసేవాళ్లకు పట్టు అంకె కాస్త తక్కువైనా సమంగా ఉండే ప్యాడే తీసుకోమంటాను.

వీటి బాధ చలిలో. చల్లటి డిస్క్ మీద మొదటి బ్రేకు భయపెట్టేంత పలచగా ఉంటుంది. వానలో మరీను. అరుస్తాయి, వీల్ మీద పడిన పొడి తేమ తగిలి తుప్పు మరకలా అంటుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, చల్లగా ఉన్నప్పుడు ఇవి డిస్క్‌ని గీరుతాయి. హైదరాబాదు నుంచి చెన్నైకి ఆరు వందల కిలోమీటర్లకు పైగా హైవే మీద ఈ ప్యాడ్లతో వెళితే, కష్టపడి డిస్క్ మీద పట్టించిన పొర దారిలోనే చెరిగిపోతుంది, ఆపైన మూటాముల్లెతో, వెనక సీట్లో మనుషులతో వెళ్లే ప్రయాణంలో మొదటి బ్రేకు నమ్మలేని పరిస్థితి. రేసు ప్యాడ్లతో హైవే ప్రయాణం వద్దే వద్దు. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ప్రాణాల సంగతి.

కాబట్టి నాలుగో దారి: రెండు సెట్లు. రోడ్డు ప్యాడ్లతో వెళ్లి, ప్యాడాక్‌లో (ట్రాక్ దగ్గర బండ్లు నిలిపి పని చేసుకునే చోట) ట్రాక్ ప్యాడ్లు వేసుకుని, సాయంత్రం మళ్లీ మార్చుకుని రావడం. చేయి తిరిగినవాళ్లకు ముందు రెండు చక్రాలకీ కలిపి ముప్పావు గంట పని. ఇంకా మంచి పద్ధతి ప్యాడ్లతో పాటు డిస్కులు కూడా రెండు జతలు పెట్టుకోవడం. చాలా చిన్న కార్లలో కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కి అదిమే భాగం) బ్రాకెట్ విప్పితే డిస్క్‌ని పట్టి ఉంచేది ఒక్క స్క్రూయే. ఏ ప్యాడ్ ఏ డిస్క్ మీద బెడ్ అయిందో ఆ జంటను విడదీయకుండా ఉంచితే ప్రతిసారీ మళ్లీ బెడ్ చేసే పని తప్పుతుంది. డిస్కుల ఖర్చు ఎక్కువనిపిస్తుంది గానీ ఏడాదికి రెండు మూడుసార్లయినా ట్రాక్‌కి వెళ్లేవాళ్లకు ఇది నిజంగా లాభం.

నిర్ణయం ఎలా తీసుకోవాలంటే: ఇంకా రోడ్డు టైర్లే అయితే, పెయింట్‌లో ఆకుపచ్చ కూడా మారకపోతే కంపెనీ ప్యాడ్, ఆకుపచ్చ మాత్రమే మారితే మధ్యరకం. నారింజ మారుతుంటే, లేదా మెత్తటి ట్రాక్ టైర్లకు మారితే, ట్రాక్ ప్యాడ్ ప్లస్ రెండో సెట్. ఎరుపు కూడా మారుతుంటే ప్యాడ్‌తో పాటు డిస్క్‌కి గాలి అందే డక్ట్ గురించి ఆలోచించాలి, ఎందుకంటే ఆ వేడి కాలిపర్ సీళ్లకూ ఆయిల్‌కీ చేరుతుంది. బండిని ట్రక్కు మీద తెచ్చుకునేవాళ్లకు రెండో సెట్ గొడవ లేదు.

ప్యాడ్ మీది అక్షరాలను ఎంతవరకు నమ్మాలి

ప్యాడ్ అంచున ఎఫ్‌ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ లాంటి జంట అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకం, రెండోది ఎక్కువ వేడిలో. ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే 0.55 పైన. దుకాణాల్లో "హెచ్‌హెచ్ సార్, ఇంతకన్నా పైన లేదు" అంటారు. కానీ ఆ పరీక్షలో ఎక్కువ వేడి అంటే సుమారు 340 డిగ్రీలే. మీ ట్రాక్ పని అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. కాబట్టి ఆ అక్షరాలు ట్రాక్‌కి దాదాపు ఏమీ చెప్పవు. కంపెనీ ఇచ్చే గ్రాఫ్ చూడండి, వేడి పెరిగే కొద్దీ గీత ఎక్కడ వంగుతోందో అదే అసలు సమాచారం. గ్రాఫ్ కూడా ఇవ్వని ప్యాడ్‌ని ట్రాక్‌కి కొనవద్దు.

ఎక్కువ పట్టు ఉన్నదే కొందామనుకునేవాళ్లకు ఇంకో మాట. చివరికి బండిని ఆపేది టైరు. రోడ్డు టైర్ల మీద 0.5 దాటిన ప్యాడ్ వేస్తే తొక్కగానే ఏబీఎస్ కొట్టుకోవడం మొదలవుతుంది, ఆపే దూరం తగ్గకపోగా కాలికి ఎంత తొక్కాలో అర్థం కాకుండా పోతుంది. స్విఫ్ట్, పోలో లాంటివాటికి వెనక డ్రమ్ములే. ముందు మాత్రమే గట్టి ప్యాడ్లు వేస్తే బ్రేకు భారం మరీ ముందుకు పోతుంది, వెనక చక్రాలు చేసే పని తగ్గిపోతుంది. నాలుగు చక్రాలకూ డిస్కులున్న కారు అయితే ముందూ వెనకా ఒకే రకం వేయండి, లేదా వెనక ఒక మెట్టు తక్కువ. వెనక ఎక్కువ పట్టున్నది ఎప్పుడూ వేయకూడదు. బ్రేకు వేస్తూ మలుపు తిప్పగానే బండి వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

ఆర్డర్ పెట్టే ముందు పాత ప్యాడ్ విప్పి, ఆకారం, మందం కొలుచుకోండి. మన దేశంలో అమ్మిన మోడల్‌కీ యూరప్‌లో అదే పేరుతో ఉన్న మోడల్‌కీ కాలిపర్ వేరుగా ఉండొచ్చు. కారు పేరు కంటే ప్యాడ్ మీద ఉండే, దాని ఆకారాన్ని గుర్తించే డబ్ల్యూవీఏ నంబరు లేదా ఎఫ్ఎమ్ఎస్ఐ నంబరుతో వెతికితే తప్పు జరగదు. తెలియని ఆన్‌లైన్ దుకాణాల్లో పేరున్న బ్రాండు సగం ధరకు దొరికితే వదిలేయండి. నకిలీ టీషర్టు చిరిగితే కొత్తది కొనుక్కోవచ్చు, నకిలీ ప్యాడ్ అలా కాదు.

బెడ్డింగ్: అసలు ఏం జరుగుతుంది

కొత్త ప్యాడ్‌ని రెండు విషయాల కోసం బెడ్ చేస్తాం. ఒకటి, ప్యాడ్‌లోని రెసిన్ మొదటిసారి బాగా వేడెక్కినప్పుడు వాయువులు వదులుతుంది. బెడ్ చేయకుండా నేరుగా రేసు వేగంతో వెళితే ఆ వాయువు ప్యాడ్‌కీ డిస్క్‌కీ మధ్య పొరలా నిలిచి, బండి ఉన్నట్టుండి ఆగకుండా జారుతుంది. కొత్త ప్యాడ్ ఫేడ్ అనేది ఇదే. రెండోది ఇంకా ముఖ్యం. ప్యాడ్ పదార్థం పలచటి పొరగా డిస్క్ మీదకు చేరి అంతటా ఒకేలా పరుచుకోవాలి. కొత్త ఇనప పెనానికి నూనె పట్టించడం లాంటిదే ఇది, ఆ పొర సమంగా ఉంటేనే పని శుభ్రంగా సాగుతుంది. ఆ తర్వాత ప్యాడ్ రుద్దేది ఎక్కువగా తన పదార్థం మీదే.

ఆ పొర మచ్చలు మచ్చలుగా పడితే పెడల్ కొట్టుకుంటుంది, స్టీరింగ్ వణుకుతుంది. మెకానిక్‌ని అడిగితే "డిస్క్ బెండ్ అయింది సార్" అంటారు. చాలాసార్లు డిస్క్ ఎక్కడా వంగలేదు, మందంగా పడిన పొర అది. అలాగే వదిలేస్తే ఆ మచ్చ మిగతా చోట్ల కంటే ఎక్కువ వేడెక్కి, 650, 700 డిగ్రీల దగ్గర అక్కడి పోత ఇనుములో సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. ఆ తర్వాత లేత్ మీద పెట్టి గీయించినా వణుకు తిరిగొస్తుంది, డిస్క్ మార్చడమే దారి. మొదట్లోనే పట్టుకుంటే గట్టిగా మళ్లీ బెడ్ చేసి పోగొట్టవచ్చు.

ముందు సిద్ధం చేయాల్సినవి. కొత్త డిస్క్ అయితే నూనె పొర బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. పాత డిస్క్ మీద వేరే రకం ప్యాడ్ పొర ఉంటే 80 లేదా 120 నంబరు ఎమెరీ పేపర్‌తో గుండ్రంగా రుద్ది తీసేయాలి. రెండు రకాల పదార్థాలు కలిస్తే పొర నిలవదు. హబ్ మీద తుప్పు గీకేయాలి, అక్కడ చిన్న తుప్పు రేకు ఉన్నా డిస్క్ పక్కకు ఊగుతుంది. ఆ ఊపు 0.05 మిల్లీమీటరు లోపు ఉండాలి. కాలిపర్ పిన్నులు చేత్తో జారాలి. ఇవేవీ చూడకుండా మొదలుపెట్టిన బెడ్డింగ్ ఎంత జాగ్రత్తగా చేసినా సమంగా రాదు.

రోడ్డు ప్యాడ్లకు, మధ్యరకానికి

ఖాళీగా, తిన్నగా, వెనక ఎవరూ లేని రోడ్డు కావాలి. 80 నుంచి 30కి మధ్యస్థంగా ఎనిమిది పది సార్లు. మధ్యలో బండిని పూర్తిగా ఆపకూడదు, మళ్లీ వేగం అందుకునేంత వ్యవధి ఇస్తే చాలు. అయ్యాక పదిహేను నిమిషాలు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వాలి. ఈబీసీ ప్యాడ్ల పైన డిస్క్‌ని శుభ్రం చేసే గరుకు పూత ఉంటుంది, అది అరిగేదాకా కొన్ని రోజులు మామూలుగా నడిపి తర్వాత ఈ పని చేయాలి.

హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఈ పని చేద్దామనే ఆలోచన మానుకోండి. వెనక వందకు పైగా వేగంతో వచ్చే లారీకి మీరు ప్యాడ్లు బెడ్ చేస్తున్నారని తెలియదు.

ట్రాక్ ప్యాడ్లకు

ఇవి రోడ్డు మీద బెడ్ అవవు. అంత వేడి రోడ్డు వేగాల్లో రాదు, తెప్పించాలని చూస్తే ప్రమాదం. ట్రాక్ మీదే చేయాలి, మొదటి సెషన్ దీనికే వదులుకోవాలి. బ్రీఫింగ్ అప్పుడే మార్షళ్లకు, ఆర్గనైజర్లకు చెప్పండి, వీలైతే జనం తక్కువగా ఉన్న సెషన్ తీసుకోండి. వెనక వచ్చేవాళ్లను ముందుకు పంపేయండి, స్ట్రెయిట్ మధ్యలో ఎవరైనా వెనకున్నప్పుడు బ్రేకు వేయకండి.

మొదటి ల్యాపు మెల్లగా, ప్రతి మలుపులో తేలికగా బ్రేకు వేస్తూ వేడి ఎక్కించాలి. రెండో ల్యాపులో 100 నుంచి 50కి మధ్యస్థంగా. తర్వాతి రెండు మూడు ల్యాపుల్లో 140 నుంచి 60కి గట్టిగా, కానీ ఏబీఎస్ కొట్టుకునేంత కాదు. ఒక్కో బ్రేకు ముందుదానికంటే కాస్త గట్టిగా. మొత్తం ఎనిమిది, పది గట్టి బ్రేకులు పడేసరికి ఘాటైన వాసన వస్తుంది, పట్టు కొద్దిగా పలచబడినట్టు అనిపిస్తుంది. అక్కడ కంగారు పడొద్దు, రెసిన్ వాయువులు బయటికొస్తున్నాయన్నమాట. అదే చోట దాన్ని దాటి ఇంకా గట్టిగా తొక్కడమూ వద్దు. ఒకటి రెండు బ్రేకుల్లో పట్టు తిరిగొస్తే పని అయినట్టే.

ఇక ఒకటిన్నర, రెండు ల్యాపులు దాదాపు బ్రేకు లేకుండా తిరిగి పిట్‌లోకి రండి. పిట్‌లో పెడల్ మీద కాలు ఉంచొద్దు, హ్యాండ్ బ్రేక్ వేయొద్దు. గేరులో పెట్టి, చక్రం కింద చెక్క పెట్టండి. వేడి డిస్క్‌ని ప్యాడ్ అదిమి పట్టుకుని ఉంటే సరిగ్గా ఆ ఆకారంలో ముద్ర పడుతుంది, వణుకు అక్కడి నుంచే మొదలవుతుంది. రెండు మూడు నిమిషాలయ్యాక బండిని చేత్తో కొద్దిగా ముందుకు తోసి చక్రం కదిలిస్తే ఇంకా మంచిది. ఆ తర్వాత గంట సేపు అయినా వదిలేయాలి, లోపలిదాకా చల్లబడాలి. ఈ చల్లార్చడాన్ని చాలామంది తగ్గిస్తారు. ట్రాక్ సమయం వృథా అవుతోందనే టెన్షన్ అర్థం చేసుకోదగ్గదే, కానీ ప్యాడ్ గట్టిపడేది ఈ గంటలోనే.

చక్రం సందులోంచి డిస్క్‌ని చూడండి. అంతటా ఒకే బూడిద రంగు, కాస్త నీలి ఛాయ ఉంటే బాగా వచ్చింది. అక్కడక్కడ ముదురు మచ్చలుంటే మళ్లీ ఒకసారి చేయాలి. అద్దంలా మెరుస్తుంటే ప్యాడ్ గ్లేజ్ అయింది, మెల్లగా ఎక్కువసేపు తొక్కి ఉంచినప్పుడు ఇలా అవుతుంది. ప్యాడ్ విప్పి ఎమెరీ పేపర్‌తో పైపొర తీసి మొదటి నుంచి మొదలుపెట్టాలి. ప్యాడ్ విప్పినప్పుడు పక్క నుంచి చూస్తే డిస్క్ వైపు రెండు మూడు మిల్లీమీటర్లు రంగు తేలి ఉంటుంది. ఆ గీత ఉందంటే వేడి సరిపడా లోపలికి వెళ్లిందని గుర్తు.

కొన్ని కంపెనీలు ముందే బెడ్ చేసిన ప్యాడ్లు అమ్ముతాయి. వాటికి వాయువుల బాధ తప్పుతుంది గానీ మీ డిస్క్ మీద పొర మాత్రం మీరే వేయాలి, కాబట్టి సగం పని ఇంకా మిగిలే ఉంటుంది.

బైకువాళ్లకు

బైకు ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లకూ సూత్రం ఇదే, ఎంపిక తేలిక. ఆర్గానిక్ ప్యాడ్లు ట్రాక్‌కి చాలవు, సింటర్డ్ ప్యాడ్లతో (లోహపు పొడిని వేడితో అదిమి చేసినవి) మొదలుపెట్టండి. చిన్న బైకులకు వాటిని దాటి వెళ్లాల్సిన అవసరం చాలాకాలం రాదు. అసలు రేసు ప్యాడ్లు చల్లటి డిస్క్ మీద ముందు చక్రానికి ఇచ్చే పట్టు మలుపుకూ మలుపుకూ మారుతుంది కాబట్టి కొత్తవాళ్లు వాటికి దూరంగా ఉండటం మంచిది. బెడ్డింగ్ ఎప్పుడూ తిన్నటి దారిలోనే, బైకు నిటారుగా ఉన్నప్పుడే.

రోజు మధ్యలో, రోజు చివర

ప్రతి సెషన్ తర్వాత ప్యాడ్ మందం చూడండి. రోడ్డు మీద మూడు మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు గానీ ట్రాక్‌కి సగం అరిగితే మార్చేయడం నా పద్ధతి. ప్యాడ్ పలచబడే కొద్దీ వేడిని అడ్డుకునేది తగ్గి పిస్టన్‌కీ ఆయిల్‌కీ నేరుగా చేరుతుంది. మధ్యాహ్నం సెషన్లో ఉన్నట్టుండి పెడల్ మెత్తబడటానికి ఇదొక పెద్ద కారణం. ప్యాడ్ ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ అరిగితే పిన్నులు పట్టేశాయేమో చూడాలి. డిస్క్ మీద కనీస మందం అంకె పోత పోసి ఉంటుంది, దానికి దగ్గరపడితే తిరిగొచ్చాక గీయించడం వద్దు, కొత్తవి కొనండి. వెంట్రుకంత పగుళ్లు ట్రాక్ డిస్కులకు మామూలే. పగులు అంచుదాకా చేరితే ఆ డిస్క్ ఆ రోజు మళ్లీ ట్రాక్ ఎక్కకూడదు.

సాయంత్రం రోడ్డు ప్యాడ్లు తిరిగి వేశాక పెడల్‌ని నాలుగైదుసార్లు పంపింగ్ చేసి గట్టిపడ్డాకే బండి కదిలించండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటాయి కాబట్టి మొదటి తొక్కుడు నేల దాకా పోతుంది. విప్పిన ట్రాక్ ప్యాడ్లకు లోపలి, బయటి, ఎడమ, కుడి అని మార్కరుతో వెనక ప్లేటు మీద రాసి, వాటి డిస్కులతో కలిపి పొడిగా ఉండే పెట్టెలో పెట్టండి. చెన్నై తేమకు డిస్క్ మీద రాత్రికి రాత్రే తుప్పు పొర కనిపిస్తుంది. అది మొదటి ల్యాపులో పోతుంది గానీ, తర్వాతిసారి వేసినప్పుడు మొదటి రెండు ల్యాపులు వేడి ఎక్కించడానికి ఉంచుకోవాలి. ఇంటికి బయలుదేరే ముందు ప్యాడాక్‌లోనే తక్కువ వేగంలో రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూసుకున్నాకే హైవే ఎక్కండి.